వెంట్రుకవాసి

కెమెరా వెడల్పు పందొమ్మిది మిల్లీమీటర్లు.
నేను గీసిన గూడూ పందొమ్మిదే.
తప్పు అక్కడే మొదలైంది.

పెరంబూరులో మా మూడో అంతస్తు గది,
మంచం పక్కన ప్రింటరు
రాత్రంతా నెమరేసే గేదెలా
పొర మీద పొర వేసింది.
తెల్లారేసరికి గూడు పుట్టింది గానీ
కెమెరా గుమ్మంలోనే ఆగిపోయింది,
అలిగిన అల్లుడిలా.

బలవంతం చేశాను.
టప్‌మంది.
పొరల మధ్య నుంచి చీలిపోయింది,
అట్ట ఊడిన పాత పుస్తకం.

రెండోదానికి అర మిల్లీమీటరు వదులిచ్చాను.
మీంజూరు దాటాక ఉప్పుమడుల మీద ఎగరేశాను.
దిగాక వీడియో చూస్తే
ఎన్నూరు పొగగొట్టాలు సేమ్యాలా వంకర్లు తిరుగుతున్నాయి,
గట్టు మీద నా స్కూటరు జెల్లీలో మునిగి ఉంది.
మోటారు వణుకు గూట్లోకి,
గూటి వణుకు కంట్లోకి.

మూడోది గట్టి ప్లాస్టిక్కు. బాగానే పట్టింది.
కత్తిరి ఎండల్లో స్కూటరు డిక్కీలో మరిచిపోయాను.
మధ్యాహ్నానికి మెత్తబడి
తల వాల్చేసింది.

నాలుగు, ఐదు సంగతి చెప్పుకోను.
ఆరోది ఏ డ్రోనుకూ పనికిరాలేదు,
ఏళ్లుగా గాలికి కొట్టుకుంటున్న వంటగది కిటికీ రెక్కకి మాత్రం
కొలిచి చేసినట్టు సరిపోయింది.
కస్తూరి ఆ రాత్రి అంది:
"ఇన్నాళ్లకి నీ యంత్రం ఒక పని చేసింది."

అంబత్తూరు ఎస్టేటులో మా షాపు.
ముప్పై ఏళ్లుగా లేతు మీదున్న ఢిల్లీబాబు
భోజనాల వేళ నా చీలిన గూడు తిప్పి తిప్పి చూశాడు.
జేబులోంచి వెర్నియర్ తీసి
లోపలి గోడలు కొలిచాడు.
"పద్దెనిమిది పాయింట్ ఏడు.
గీసిన కొలత వేరప్పా, చల్లారిన కొలత వేరు.
వేడిగా పోసింది ఏదైనా ముడుచుకుంటాది.
రంధ్రమైతే మరీను,
ఎప్పుడూ చెప్పినదానికన్నా చిన్నగానే పుడతాది."
పెరుగన్నం ముద్ద మింగి, మళ్లీ:
"గాజులు తొడిగే మనిషి మణికట్టు చూడదు,
బొటనవేలి కింద ఎముక చూస్తాది.
అది దాటితే చాలు.
ఎక్కేటప్పుడు ఏడిపించాలి, ఎక్కినాక మోగాలి.
నీది మోగకూడదు. అంతే తేడా."

ఇంటికొచ్చి ఎముక వెతికాను.
కెమెరా పక్కన, మర బిగించే చోటు పైన,
అచ్చులో మిగిలిపోయిన సన్నటి గట్టు.
కంటికి ఆనదు, గోటికి తగులుతుంది.
అక్కడ పావు మిల్లీమీటరు ఇచ్చాను,
మిగతా అంతటా వెంట్రుకవాసి.
పొరలు విడిపోయే వైపు బరువు పడకుండా
గూడుని పక్కకి పడుకోబెట్టి వేశాను.

ఈసారి రబ్బరు తీగ.
కార్తీకం వానలకి అది తేమ తాగి
ప్రింటరు ముక్కులో చిటపటలాడి
గూటికి మీసాలు మొలిపించింది.
తీగచుట్టని వేడిపళ్లెం మీద పెట్టి
కస్తూరి చీర తెచ్చుకున్న అట్టపెట్టె బోర్లించాను.
చీర ఎక్కడ పెట్టావని ఆమె అడిగింది.
మంచం మీద ఉందన్నాను.
మడత నలిగి ఉంది. ఆ రోజు అంతకుమించి మాట్లాడుకోలేదు.

పదకొండోది.
కెమెరా ఎక్కేటప్పుడు ఏడిపించింది.
బొటనవేలితో నొక్కితే
లోపలి గాలి ఫుస్సున బయటికి పోయి
కూర్చుంది.
మరలు పూర్తిగా బిగించకుండా పావు చుట్టు ముందే ఆపాను.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
మోగలేదు.

ఆదివారం మీంజూరు.
పొగగొట్టాలు నిటారుగా నిలబడ్డాయి.
ఉప్పు కుప్పల మధ్య ఒకావిడ తలెత్తి
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది,
మణికట్టు మీద గాజులు విడివిడిగా కనబడ్డాయి.

ఇంటికొచ్చి కస్తూరికి చూపించాను.
చాలాసేపు చూసి
తెర ఎడమ మూల మీద వేలు పెట్టింది:
"ఈ నల్లటిదేంటి?"

గూటి అంచు.
గోరంత.
పన్నెండోది ఇప్పుడే మొదలెట్టాను.